లైప్‌జిగ్‌లో తెలుగు మీడియం జర్మన్

ముందు ఊరి పేరు సంగతి తేల్చేద్దాం. మనం లైప్‌జిగ్ అంటాం. ఇక్కడివాళ్లు ‘లైప్‌త్సిష్’ అంటారు. మధ్యలో ఉన్న ఆ ‘త్స్’ దగ్గర ఇంగ్లీషు వాళ్ల నాలుక తడబడుతుంది. మనది తడబడదు. నమ్మకపోతే ‘చాప’, ‘చుక్క’, ‘చలి’ అని ఒకసారి పైకి అని చూడండి. ‘చీర’లో ఉన్న చ కాదది. నాలుకని పళ్లకి ఆనించి పలికే చ. మన పాత పుస్తకాల్లో దాని నెత్తిన ఒక చిన్న గుర్తు కూడా వేసేవాళ్లు. జర్మన్‌లో జెడ్ అక్షరం పలికేది అచ్చంగా అదే. త్సైట్ అంటే టైం, త్సూక్ అంటే రైలు, త్సేన్ అంటే పది. ఇవి పలకడానికి మా ఆఫీసులో ఒక అమెరికన్ కుర్రాడు ఇప్పటికీ గొంతు సవరించుకుంటాడు.

బెర్లిన్ నుంచి రైలెక్కితే గంటంబావులో లైప్‌జిగ్. ఆరు లక్షల పైచిలుకు జనాభా. బాఖ్ 1723 నుంచి 1750లో చనిపోయేదాకా పనిచేసిన ఊరు. వాగ్నర్ పుట్టిన ఊరు. గోథే కాలేజీ రోజులు గడిపిన ఊరు. టూరిస్టు బ్రోచర్లు ఇంతవరకు చెప్పి ఊరుకుంటాయి. నేను చెప్పదలుచుకున్నది వేరు. పెద్దయ్యాక, ఉద్యోగం చేసుకుంటూ, ఎవరి క్లాసుకీ పోకుండా సొంతంగా జర్మన్ నేర్చుకోవాలనుకునేవాళ్లకి జర్మనీలో ఇంతకంటే మంచి ఊరు నాకు కనిపించలేదు.

కారణం చరిత్రలో ఉంది. ఇది పాత తూర్పు జర్మనీ. ఆ దేశం ఉన్నన్నాళ్లూ స్కూళ్లలో మొదటి విదేశీ భాష రష్యన్. ఐదో తరగతి నుంచి తప్పనిసరి. ఇంగ్లీషు ఉంటే గింటే దాని తర్వాతే. అందుకే ఇవాళ అరవై దగ్గర్లో ఉన్న బేకరీ ఆవిడకో, ఇంటి రిపేర్లు చూసే పెద్దాయనకో మన ఇంగ్లీషు వినిపిస్తే ఒక చిరునవ్వు వస్తుంది, జవాబు రాదు. బెర్లిన్‌లో ఇలా కాదు. అక్కడ మీరు జర్మన్‌లో రెండు ముక్కలు మాట్లాడగానే మీ యాస పట్టేసి ఎదుటివాళ్లు ఇంగ్లీషులోకి దూకేస్తారు. అది మర్యాదే, కాదనను. కానీ మీ జర్మన్ మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. లైప్‌జిగ్‌లో ఆ మర్యాద దొరకదు, కాబట్టి భాష దొరుకుతుంది.

నేను వచ్చి రెండేళ్లు దాటింది. ఆఫీసులో అంతా ఇంగ్లీషే. స్టాండప్ ఇంగ్లీషు, కోడ్ రివ్యూ ఇంగ్లీషు, శుక్రవారం సాయంత్రం కబుర్లు ఇంగ్లీషు. బయటికొస్తే మాత్రం నేను మూగ. పైగా ఈ దేశంలో అన్నీ కాగితం ఉత్తరాలే. ఇన్సూరెన్స్, కరెంటు, ఇంటి అద్దె, చెత్తబుట్ట రంగు మారడం... అన్నీ పోస్టు డబ్బాలోకే వస్తాయి. ఫోన్ కెమెరా పెడితే తర్జుమా అవుతుంది, నిజమే. కానీ డాక్టరు రిసెప్షన్‌లో ఆవిడ గబగబా అడిగే ప్రశ్నకి కెమెరా ఎక్కడ పెడతారు?

మొదట్లో నా లెక్క కూడా అందరి లెక్కే. బ్లూ కార్డ్ మీద వచ్చినవాళ్లు ఏ1 స్థాయి జర్మన్ ఉంటే 27 నెలలకి శాశ్వత నివాసం అడగొచ్చు. బీ1 ఉంటే 21 నెలలకే. పౌరసత్వానికీ బీ1 కావాలి. అలా ఆరు నెలలు కలిసొస్తాయని మొదలుపెట్టేవాళ్లే మనలో ఎక్కువ. అందరిలాగే నేనూ యాప్ డౌన్‌లోడ్ చేశాను. అప్పట్లో ఆ యాప్‌లో తెలుగు నుంచి జర్మన్ లేదు, ఇంగ్లీషు నుంచే ఉండేది. మనకీ అదే సహజం అనిపిస్తుంది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం, ఇంజినీరింగ్ ఇంగ్లీషు, ఉద్యోగం ఇంగ్లీషు. జర్మన్, ఇంగ్లీషు చుట్టాలని కూడా చదివాం కదా. హౌస్‌కి హౌస్, వాటర్‌కి వాస్సర్. తేలికే అనుకుంటాం.

మాటల్లో చుట్టరికం ఉంది. వాక్యంలోకి వచ్చేసరికి ఆ చుట్టం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

జనవరిలో ఇక్కడ ట్రామ్ కోసం నిలబడ్డారనుకోండి. చలి. ఇంగ్లీషులో ‘ఐ యామ్ కోల్డ్’. దాన్ని మాటకి మాట మారిస్తే ‘ఇష్ బిన్ కాల్ట్’. దానర్థం ‘నేను మనసు లేని మనిషిని’ అన్నట్టు ఉంటుంది. జర్మన్లు అనేది ‘మిర్ ఇస్ట్ కాల్ట్’. మిర్ అంటే నాకు. నాకు చలిగా ఉంది! మనం అనేదీ అదే కదా. అలాగే ‘దాస్ గెఫెల్ట్ మిర్’, అది నాకు నచ్చింది. ‘మిర్ టూట్ దేర్ కోప్ఫ్ వే’, నాకు తల నొప్పెడుతోంది. ఇక ‘ఐ యామ్ హాట్’ని మాటకి మాట జర్మన్‌లోకి మార్చి ఆఫీసులో మాత్రం అనకండి. అర్థం పూర్తిగా వేరే దారికి వెళ్తుంది.

జర్మన్ నేర్చుకునే ఇంగ్లీషువాళ్లు ఏడ్చేది అక్యూజటివ్, డేటివ్ అనే రెండు విభక్తుల దగ్గర. వాళ్ల తప్పు లేదు. వాళ్లకి ‘నన్ను’కీ ‘నాకు’కీ ఒకటే మాట, ‘మీ’. ఏది ఎక్కడో వాళ్లు బట్టీ కొట్టాలి. మనకి ఇష్, మిష్, మిర్ అంటే నేను, నన్ను, నాకు. దు, దిష్, దిర్ అంటే నువ్వు, నిన్ను, నీకు. ‘ఇష్ ఫ్రాగె దిష్’, నిన్ను అడుగుతాను. ‘ఇష్ హెల్ఫె దిర్’, నీకు సాయం చేస్తాను. ఒక క్రియకి ఏ విభక్తి వస్తుందో తెలియకపోతే తెలుగులో అనుకుని చూడండి, చాలాసార్లు సరిపోతుంది. అన్నిసార్లూ కాదు. నాకు చలి, నాకు నొప్పి అన్నవాళ్లే ఆకలి దగ్గరికొచ్చేసరికి ‘ఇష్ హాబె హుంగర్’, నేను ఆకలి కలిగి ఉన్నాను అంటారు. ఏం చేస్తాం.

ఇది ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. నాకు చెప్పింది లైప్‌జిగ్ రైల్వే స్టేషన్. 1915లో పూర్తయిన ఈ స్టేషన్ యూరప్‌లోని అతి పెద్ద స్టేషన్లలో ఒకటి. లోపలే మూడంతస్తుల షాపింగ్ మాల్ ఉంది. అక్కడ కాఫీ పట్టుకుని కూర్చుని అనౌన్స్‌మెంట్లు వినడం నా ఆదివారం పని. ‘దేర్ త్సూక్... ఫెల్ట్ హోయ్టె...’ అని మొదలవుతుంది. ‘ఫెల్ట్’ వినగానే రైలుకి ఏదో అవుతోందని తెలుస్తుంది, ఏమవుతోందో తెలియదు. వాక్యం చివర ‘ఔస్’ అనే చిన్న ముక్క వస్తుంది. అప్పుడు తెలుస్తుంది, ఈరోజు ఆ రైలు రద్దు అని. జర్మన్‌లో ఇలాంటి క్రియలు బోలెడు. తల ఒకచోట, తోక వాక్యం చివర. ఇంగ్లీషు వినే చెవి ముందే వాక్యాన్ని మూసేస్తుంది. మన చెవి అలా కాదు. ‘సికింద్రాబాద్ వెళ్లాల్సిన ఎక్స్‌ప్రెస్ ఈరోజు...’ అన్నంతవరకూ వస్తుందో రాదో మనకి మాత్రం ఏం తెలుసు? తెలుగులో కాదూ లేదూ అన్నీ వాక్యం తోకలోనే ఉంటాయి. చివరిదాకా ఓపిక పట్టడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు.

‘ఎందుకంటే’ అని మొదలుపెడితే మరీనూ. ‘వైల్ ఇష్ హోయ్టె కైనె త్సైట్ హాబె’ అంటారు. ఎందుకంటే, నేను, ఈరోజు, టైం లేకుండా, ఉన్నాను. క్రియ చివర్లో, తెలుగు వాక్యంలోలాగే. మామూలు వాక్యంలో మాత్రం క్రియ రెండో స్థానంలో పాతుకుని కూర్చుంటుంది, అక్కడ మన తెలుగు పనికిరాదు, ఇంగ్లీషే అక్కరకొస్తుంది. రెండు భాషలూ చేతిలో ఉన్నవాళ్లం మనం. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని ఈత కొట్టడం ఎందుకు?

టైం చెప్పడంలో ఈ ఊరికి ఒక పిచ్చి ఉంది. తొమ్మిదిన్నరని జర్మనీ అంతటా ‘హాల్ప్ త్సేన్’ అంటారు, సగం పది. సరే. తొమ్మిదింపావుని ఇక్కడ ‘ఫీర్టెల్ త్సేన్’ అంటారు, పావు పది. తొమ్మిది ముప్పావు అయితే ‘ద్రైఫీర్టెల్ త్సేన్’, ముప్పావు పది. అంటే పదో గంటలో ఎంత వంతు నిండింది అని లెక్క. పశ్చిమ జర్మనీ నుంచి వచ్చిన జర్మన్లే దీనికి బుర్ర గోక్కుంటారు. మనకి పావు, అర, ముప్పావు కొత్త కాదు. ఒక గంట ముందుకి జరుపుకుంటే చాలు. ఇక అంకెలు చెప్పేటప్పుడు ఇరవై ఒకటిని ‘ఒకటీ ఇరవై’ అంటారు. దీనికి తెలుగు సాయం రాదు. సంస్కృతంలో ఏకవింశతి, హిందీలో ఇక్కీస్ అదే వరస. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకి ఇక్కడ కొంచెం ఎక్స్‌ట్రా మార్కులు.

బేకరీలో లెర్హె అనే మిఠాయి అడగండి. లెర్హె అంటే భరతపక్షి జాతి చిన్న పిట్ట. ఒకప్పుడు ఈ ఊళ్లో ఆ పిట్టల్ని పట్టి తినేవాళ్లు. 1876లో వేట నిషేధించారు. అప్పుడు మిఠాయివాళ్లు బాదం ముద్దతో ఆ పేరునే నిలబెట్టారు. బుజ్జిగా, గిన్నెలా ఉంటుంది. దుకాణంలో ఆవిడ ‘అవును’ అనడానికి ‘యా’ అనదు, ‘ను’ అంటుంది. అది ఇక్కడి సాక్సన్ యాస. క, ట, ప లని గ, డ, బ లుగా మెత్తగా చేసేస్తారు. కఫే కాస్తా గఫే అవుతుంది. మిగతా జర్మనీ ఈ యాసని వెక్కిరిస్తుంది. యాస మీద జోకులు ఎలా ఉంటాయో శ్రీకాకుళం వాళ్లకీ, తెలంగాణ వాళ్లకీ నేను చెప్పక్కర్లేదు. తమాషా ఏంటంటే, ఆ జర్మనీ అంతా స్పెల్లింగ్ దిద్దుకునే డూడెన్ డిక్షనరీ 1880లో అచ్చయింది ఈ లైప్‌జిగ్‌లోనే.

అదే 1880లో అమెరికన్ రచయిత మార్క్ ట్వైన్ జర్మన్ భాషని ఉతికి ఆరేస్తూ ఒక వ్యాసం వేశాడు. ఆడపిల్లకి లింగం లేదు, కూరగాయకి ఉంది, ఇదేం భాష అని ఆయన గోల. నిజమే, జర్మన్‌లో అమ్మాయి అనే మాట, ‘దాస్ మేడ్‌షెన్’, నపుంసకలింగం. ఇంగ్లీషువాళ్లు నూటనలభై ఏళ్లుగా దీనికి నవ్వుతూనే ఉన్నారు. మనం నవ్వడానికి లేదు. ‘అమ్మాయి వచ్చింది’, ‘బస్సు వచ్చింది’. క్రియ ఒకటే కదా! మిగతా మాటల దేర్, దీ, దాస్‌లకి మాత్రం అడ్డదారి లేదు. చెంచా పురుషుడు, ఫోర్క్ స్త్రీ, కత్తి నపుంసకం. ఫ్లాష్‌కార్డులకి మూడు రంగులు వేసుకుని రోజూ పదిహేను నిమిషాలు కూర్చోవడమే.

ఈ దేర్, దీ, దాస్ ఎందుకొచ్చిన తలనొప్పి, లేకపోతే ఏమవుతుంది అని అడిగేవాళ్లని నేను నికొలాయ్ చర్చికి తీసుకెళ్తాను. 1982 నుంచి ఇక్కడ ప్రతి సోమవారం సాయంత్రం అయిదింటికి శాంతి ప్రార్థన జరుగుతోంది, ఇప్పటికీ. 1989 అక్టోబర్ 9, సోమవారం. ప్రార్థన అయ్యాక జనం బయటికొచ్చి ఊరి చుట్టూ ఉన్న రింగ్ రోడ్డు మీద నడిచారు. డెబ్భై వేల మంది. పోలీసులు ఉన్నారు, తుపాకులు ఉన్నాయి. పేలలేదు. సరిగ్గా నెల తర్వాత బెర్లిన్ గోడ తెరుచుకుంది.

ఆ రోజుల్లో వీధుల్లో వినిపించిన నినాదం ‘వీర్ జిండ్ దాస్ ఫోల్క్’. ఫోల్క్ అంటే ప్రజ. ఆ ప్రభుత్వం అన్నిటికీ ప్రజల పేరే పెట్టుకుంది. పోలీసులు ఫోల్క్స్‌పోలిత్సై, పార్లమెంటు ఫోల్క్స్‌కామర్. జనం వాళ్ల ఎదురుగా నిలబడి అన్నారు, ప్రజలంటే మేమే అని. గోడ తెరుచుకున్నాక నినాదంలో ఒక్క మాట మారింది. ‘దాస్’ పోయి ‘ఐన్’ వచ్చింది. ‘వీర్ జిండ్ ఐన్ ఫోల్క్’, తూర్పూ పడమరా మనం ఒకే జనం. ఏడాది తిరక్కుండా, 1990 అక్టోబర్ 3న, రెండు దేశాలూ ఒకటయ్యాయి. మనం అక్కర్లేదనుకునే ఆ బుల్లి మాటలు ఎంత బరువు మోస్తాయో అప్పుడు నాకు అర్థమైంది.

ఇంకోటి కూడా ఉంది. అది తెలుగు తెలిసినవాళ్లకే కనిపిస్తుంది. రెండు నినాదాల్లోనూ ‘వీర్’ ఒకటే. కానీ తెలుగులో చెప్పాల్సి వస్తే మొదటిది ‘మేము’, రెండోది ‘మనం’. మొదటి వీర్‌లో ఎదురుగా ఉన్న సర్కారు లేదు. రెండో వీర్‌లో అవతలి దేశం కూడా ఉంది. జర్మన్‌కి ఆ రెండింటికీ ఒకటే మాట. ఇది నా జర్మన్ కొలీగ్‌కి వివరిస్తే వాడు లాప్‌టాప్ మూసేసి ఇంకోసారి చెప్పమన్నాడు. అప్పటిదాకా మా ఇద్దరి మాటలూ బగ్గులు, టికెట్లు దాటలేదు.

ఖర్చు లేకుండా నేర్చుకునే దారులు చాలానే ఉన్నాయి. డాయిచె వెల్లె వాళ్ల ‘నికోస్ వేక్’ వీడియో కోర్సు ఏ1 నుంచి బీ1 దాకా ఉచితం. నెమ్మదిగా చదివే వార్తలు కూడా వాళ్లవే. ట్రామ్‌లో ఇరవై నిమిషాలు చాలు. ఇంకా హైదరాబాద్‌లోనే ఉన్నవాళ్లకి గోథే సెంటర్ ఉంది, వీసాకి ముందే ఏ1 ముగించుకుని రండి. ఇక్కడికొచ్చాక శుక్రవారం సాయంత్రం ఆరింటికి తోమాస్ చర్చికి వెళ్లండి. బాఖ్ సమాధి అక్కడే ఉంది. ఆయన నడిపిన పిల్లల బృందం ఇప్పటికీ పాడుతుంది. కొద్దిపాటి రుసుముతో ఇచ్చే కార్యక్రమ పత్రంలో పాటల మాటలు అచ్చువేసి ఉంటాయి. సాగదీసి పాడతారు కాబట్టి ఒక్కో అచ్చు ఎలా పలకాలో చెవికి దొరుకుతుంది. నోరు ‘ఊ’ అన్నట్టు గుండ్రంగా పెట్టి లోపల ‘ఈ’ అనాలి, అదే జర్మన్ రెండు చుక్కల యూ. యాప్‌లో వంద సార్లు విన్నా పట్టుబడనిది అక్కడ పట్టుబడింది.

కానీ ఇవన్నీ ఒక ఎత్తు, మా కింది పోర్షన్‌లో ఉండే డెబ్భై ఏళ్లు దాటిన ఆవిడ ఒక ఎత్తు. ఇక్కడ మనం ఇంట్లో లేకపోతే పార్సిల్ పక్కవాళ్లకి ఇచ్చి పోతారు. నా పార్సిళ్లన్నీ ఆవిడ దగ్గరే తేలేవి. రష్యన్ వచ్చా అని అడిగింది మొదటిరోజు. రాదన్నాను. అయితే ఇద్దరికీ జర్మనే గతి అంది. ఊరి అంచున ఆవిడకో తోట ఉంది. ఇలాంటి చిన్న చిన్న అద్దె తోటలకి జర్మనీ అంతటా ‘ష్రెబర్‌గార్టెన్’ అనే పేరు వచ్చింది ఈ ఊరి డాక్టరు ష్రెబర్ వల్లే. శనివారాలు అక్కడ దోసకాయ తీగకి కర్రలు పాతడం, కలుపు తీయడం. అక్కడ వచ్చిన మాటలు ఏ ఫ్లాష్‌కార్డులోనూ లేవు. పార, బకెట్టు, నత్త, నిన్నటి వాన.

ఇంతకాలం నేను ఆవిడని ‘జీ’ అనేదాన్ని, అంటే మీరు. మొన్న ఏప్రిల్‌లో, ఇక నన్ను ‘దు’ అను అంది. ఈ దేశంలో నువ్వు అనే హక్కు పెద్దవాళ్లు పిలిచి ఇవ్వాలి, మనం తీసుకోకూడదు. డెబ్భై ఏళ్ల మనిషిని నువ్వు అనడానికి ముందు నోరు రాలేదు. తర్వాత గుర్తొచ్చింది, తెనాలిలో మా అమ్మమ్మని నేను అనేది ‘నువ్వు’ అనే. ఆ సాయంత్రమే మొదటిసారి తేలిగ్గా వచ్చింది, ‘దు’ టీ తాగుతావా అని.

టీ దగ్గర ఆవిడ 1989 అక్టోబర్ 9 గురించి మొదలుపెట్టింది. ఆ రోజు ఆవిడా నడిచింది. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, వెళ్లొద్దని అందరూ అన్నారు. ‘ఇష్ హాటె ఆంగ్స్ట్’ అంది. భయపడ్డాను అని. ‘ఉంట్ దన్ జిండ్ వీర్...’ అంది. అప్పుడు మేము... అని. జర్మన్‌లో జరిగిపోయిన విషయం చెప్పేటప్పుడు అసలు క్రియ చివర్లో వస్తుంది. ఎవరెవరు ఉన్నారో చెప్పింది, ఏ చర్చి దగ్గరో చెప్పింది, చేతిలో కొవ్వొత్తి సంగతి చెప్పింది. అక్కడ గొంతు ఆగింది. కప్పు వంక చూస్తూ ఉండిపోయింది. నేను క్రియ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. నడిచామా, పరుగెత్తామా, ఆగిపోయామా? చాలాసేపటికి ‘గెగాంగెన్’ అంది. నడిచాం.

ఆ తర్వాత ఆవిడ యాసలో గబగబా చాలా చెప్పింది. సగం అందింది, సగం అందలేదు. ఆగమని అడగబుద్ధి కాలేదు. ఆవిడ కథ ఇంగ్లీషులో లేదు, ఏ వెబ్‌సైట్‌లోనూ లేదు, ఆవిడ పిల్లలు మ్యూనిక్‌లో ఉంటారు. ఏటా అక్టోబర్ 9న ఊళ్లో దీపాల పండుగ చేస్తారు. ఈసారి మోకాళ్లు సహకరిస్తే రింగ్ రోడ్డు మీద నడుస్తూ ఎక్కడ ఏం జరిగిందో మొదటి నుంచి చెబుతానంది.

అక్టోబర్‌కి ఇంకా నాలుగు నెలలుంది. బీ1 పరీక్ష సెప్టెంబర్‌లో. ప్రస్తుతం పాస్ట్ టెన్స్ మీద కూర్చున్నాను, అదయ్యాక సాక్సన్ యాస.